బుధవారం పందెం

హైదరాబాద్‌లో పరుగు పందేలు దాదాపు అన్నీ ఆదివారం తెల్లవారుజామునే జరుగుతాయి. ఆ రోజు ఆఫీసులకు సెలవు, రోడ్ల మీద బండ్లు తక్కువ. మాకు మాత్రం వారంలో తీరిక లేని రోజు అదే. కోచింగ్ సెంటర్లో మాక్ టెస్టులు ఆదివారమే పెడతారు. మాలో కొందరు ఫంక్షన్ హాళ్లలో వడ్డనకు పోతారు, కొందరు బైకుల మీద ఆర్డర్లు మోస్తారు. పెళ్లిళ్లయినా ఆర్డర్లయినా ఆదివారమే ఎక్కువ. పైగా ఆ పందేల ప్రవేశ రుసుము మా వారం రోజుల కూరగాయల ఖర్చు కంటే ఎక్కువ. అందుకని మా పందెం మేమే పెట్టుకున్నాం. ఊళ్లో వారానికి ఒక రోజు అంగడి ఉన్నట్టు, మాకు వారం మధ్యలో ఒక రోజు పందెం. బుధవారం పొద్దున.

మేమంటే సనత్‌నగర్‌లో మూడు అద్దె గదుల్లో ఉండే పదకొండు మందిమి, ఎస్సార్ నగర్ లేడీస్ హాస్టల్లో ఉండే నలుగురు చెల్లెళ్లు. ఉట్నూరు, జైనూరు వైపు గోండులం, ఇల్లందు, గుండాల వైపు కోయలం, దేవరకొండ, మహబూబాబాద్ తండాల నుంచి వచ్చిన లంబాడీలం. మన్ననూరు అవతల పెంట నుంచి వచ్చిన చెంచు తమ్ముడు ఒకడు. బయట మా తెగల పెద్దల మధ్య ఉన్న తగువులు మాకు తెలుసు. గదిలో అన్నం గిన్నె మాత్రం ఒకటే. అందరం కానిస్టేబుల్, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగాలకు చదువుతున్నవాళ్లమే.

సనత్‌నగర్ అనగానే పాతవాళ్లకు ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. ఇండస్ట్రియల్ ఎస్టేట్, పక్కనే బాలానగర్, కార్మికుల కోసం కట్టిన ఈఎస్ఐ ఆస్పత్రి, రైల్వే స్టేషన్. మౌలాలి నుంచి ఇక్కడికి వచ్చే లైను మీద 2024 మార్చి నుంచి ఎంఎంటీఎస్ రైళ్లు కూడా నడుస్తున్నాయి. అమీర్‌పేటలో చదువు, సనత్‌నగర్‌లో గది: మాలాంటివాళ్ల లెక్క ఇదే. అక్కడి అద్దె మేం కట్టలేం, ఇక్కడి నుంచి నడిచి పోవచ్చు. ఈ ఇరుకులో లేనిది ఒక్కటే, పరుగెత్తే జాగా. బీకే గూడ పార్కులో పొద్దున చుట్లు కొట్టవచ్చు గానీ, అక్కడ నేల చదును. నెల రోజులు చదును నేల మీద తిరిగేసరికి మా కాళ్లు కొండను అడగడం మొదలుపెట్టాయి.

సనత్‌నగర్ నుంచి ఈఎస్ఐ, ఎస్సార్ నగర్, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ మీదుగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాకా పోతే ఆ కొండ దొరుకుతుంది. ఆరేడు కిలోమీటర్లు. యూసుఫ్‌గూడ దాటాక రోడ్డు ఎక్కుడు మొదలవుతుంది. బస్సులో పోయేవాళ్లకు అది తెలియదు, కాళ్లకు తెలుస్తుంది. అక్కడ ఇండ్ల మధ్య మిగిలిన అడవి ముక్క కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం. జనం నోట కేబీఆర్ పార్కు. సుమారు 390 ఎకరాలు. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. లోపల నిజాం కుటుంబానికి చెందిన చిరాన్ ప్యాలెస్ ఉంది. నెమళ్లు, ముళ్లపొదలు, సీతాఫలం చెట్లు, మధ్యలో గుండ్రాళ్లు. దక్కన్‌లోని ఈ నల్లరాతి బండలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు.

ఈ పార్కుకు ఆనుకొని ఉన్న బంజారాహిల్స్‌కు ఆ పేరు ఎలా వచ్చిందో మాలో సగం మందికి ఇక్కడికి వచ్చేదాకా తెలియదు. ఒకప్పుడు ఈ గుట్టల మీద బంజారాలు, అంటే మన లంబాడీలు, పశువులతో ఉండేవారు. 1930ల ప్రాంతంలో మెహదీ నవాజ్ జంగ్ ఇక్కడ ఇల్లు కట్టుకొని ఈ చోటును బస్తీగా తీర్చిదిద్దినప్పుడు వాళ్ల పేరు నిలిచింది. మనుషులు నిలవలేదు. 2022 సెప్టెంబర్ 17న ఇదే బంజారాహిల్స్‌లో కుమ్రం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ ప్రారంభమయ్యాయి. దేవరకొండ తమ్ముడు మొదటి బుధవారం ఆ బోర్డు చూసి, “మా తాతల గుట్టకు మనం టికెట్ కొని పోతున్నం” అన్నాడు. నవ్వుకుంటూనే అన్నాడు గానీ, ఆ పూట మేమెవరం ఇంకో మాట మాట్లాడలేదు.

మా పందేనికి బ్యానర్ లేదు, నంబర్లు లేవు, పతకాలు లేవు. మామూలుగా నడిచేవాళ్లలాగే టికెట్ కొనుక్కొని లోపలికి పోతాం. లోపలి బాట ఒక చుట్టు. ఎక్కుడు, దిగుడు, మట్టి, మొరం, అక్కడక్కడ పొడుచుకొచ్చిన రాళ్లు. ఫోన్‌లో గడియారం, చేతిలో నోటుబుక్. నియమాలు మూడే. ఎదురుగా పెద్దవాళ్లు వస్తే ఆగి నడవాలి. కేకలు వేయొద్దు, నెమలి బెదిరితే పందెం రద్దు. మూడోది అసలైనది: అందరం ఒకేసారి బయల్దేరం.

పోయిన వారం ఎవరికి ఎంత సమయం పట్టిందో నోటుబుక్‌లో ఉంటుంది. అందరికంటే నెమ్మది మనిషికి 36 నిమిషాలు, అందరికంటే చురుకైనవాడికి 24 నిమిషాలు పట్టిందనుకోండి. నెమ్మది మనిషి 12 నిమిషాలు ముందు బయల్దేరుతారు. మిగతావాళ్లు ఎవరి తేడా ప్రకారం వాళ్లు. లెక్క సరిగ్గా ఉంటే చివర్లో అందరం గేటు దగ్గరికి ఇంచుమించు ఒకేసారి చేరతాం. గెలిచేది పోయిన వారం కంటే తాను ఎక్కువ మెరుగుపడ్డవాళ్లు. ఒకసారి గుండాల చెల్లె గెలిచింది, ఇంకోసారి బీపీ మందులు వేసుకునే మా ఇల్లందు అన్న గెలిచాడు. ఎవరు గెలిచినా టీ డబ్బులు మిగతావాళ్లవి.

ఈ పద్ధతి చూసి కోచింగ్‌లో మా పక్క బెంచీ మిత్రుడు ఒకాయన, “అంటే ఇక్కడ కూడా రిజర్వేషనేనా?” అని నవ్వాడు. ఆ మాట మనందరికీ ఎక్కడో ఒకచోట తగిలి ఉంటుంది. జవాబు స్టేడియంలోనే ఉంది. 400 మీటర్ల పందెంలో ఎనిమిదో లేన్‌లో నిలబడ్డ మనిషి, మొదటి లేన్ మనిషి కంటే సుమారు 53 మీటర్లు ముందు నుంచి బయల్దేరతాడు. చూసేవాళ్లు అతనికి రాయితీ ఇచ్చారని అనరు. బయటి లేన్ చుట్టు పెద్దది కాబట్టి, గీత ముందుకు జరిపితేనే అందరికీ దూరం సమానమవుతుంది. దాన్ని లెక్క అంటారు. వాగు పొంగితే నాలుగు రోజులు బడికి పోలేని పిల్ల ఏ లేన్‌లో నిలబడిందో చూసి గీత గీయడం కూడా లెక్కే. ఈ మాట మన పిల్లలకు ఎనిమిదో తరగతిలోనే, గ్రౌండ్‌లో సున్నంతో గీతలు గీసి చూపిస్తే, పట్నంలో ఎవరైనా నవ్వినప్పుడు వాళ్లు తల దించుకోరు.

ఇక పరుగు సంగతి. గుట్ట మీద పరుగుకు, రోడ్డు మీద పరుగుకు తేడా మొదటి ఎక్కుడులోనే తెలుస్తుంది. రోడ్డు మీద అలవాటైనవాళ్లు ఎక్కుడులో కూడా అంతే పెద్ద అంగలు వేస్తారు. పిక్కలు మండిపోతాయి, ఊపిరి తెగిపోతుంది. గుట్ట తెలిసినవాళ్లు అంగ సగానికి తగ్గిస్తారు, మడమ కంటే ముందరి పాదం మీద బరువు వేస్తారు, మరీ నిటారుగా ఉంటే మొహమాటం లేకుండా నడుస్తారు. దిగుడులో అసలు పరీక్ష. భయపడి వెనక్కి వాలితే మొరం మీద పాదం జారుతుంది. మోకాలు కొంచెం వంచి, చిన్న చిన్న అడుగులు గబగబా వేస్తూ, చేతులు పక్కలకు చాపి దిగాలి. కళ్లు బొటనవేలు మీద కాదు, మూడు నాలుగు అడుగుల ముందుండాలి. కన్ను చూసిన చోటికి కాలు దానంతట అదే వస్తుంది. ఎక్కుడులో ఆయాసం వస్తుంది గానీ మర్నాడు తొడలు నొప్పి పుట్టేది దిగుడు వల్లే. దిగేటప్పుడు తొడ ముందరి కండరాలు సాగుతూనే బరువు ఆపాలి. అందుకే దిగుడు కూడా సాధన చేయాలి.

ఇవన్నీ మేం పుస్తకంలో చదివినవి కావు. అట్లని పుట్టుకతో వచ్చినవీ కావు. ఇప్పపువ్వు గంప నెత్తిన పెట్టుకొని గుట్ట దిగే నాయనమ్మ వెనక నడిచి నేర్చుకున్నవి. ఆమె మోకాళ్లు వంచే దిగుతుంది, అడుగు చిన్నగానే వేస్తుంది. “నేలను చూసుకుంట కాదు, తొవ్వను చూసుకుంట నడువు” అని పదిసార్లు చెప్పి ఉంటుంది. తునికాకు కాలంలో ఎండ ముదరకముందే కట్టలు మోసుకొని కల్లానికి చేరాలంటే ఎక్కడ నడవాలో, ఎక్కడ ఉరకాలో అమ్మ చెప్పింది. వాగు దాటేటప్పుడు నాచు పట్టిన రాయిని రంగు చూసి గుర్తుపట్టడం అన్న చెప్పాడు. పదేళ్ల పాటు రోజూ పాఠం చెప్పారు. బడి గంట కొట్టలేదు కాబట్టి దాన్ని చదువు అనుకోలేదు, అంతే.

అందుకే మాకు బాధ కలిగించే పొగడ్త ఒకటుంది. గ్రౌండ్‌లో మేం ముందుంటే చూసేవాళ్లు, ఒక్కోసారి శిక్షణ ఇచ్చేవాళ్లు కూడా అనే మాట: “మీకేం, మీ రక్తంలోనే ఉంది.” ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాట రెండు పనులు చేస్తుంది. మా పదేళ్ల శ్రమను తీసేసి పుట్టుక ఖాతాలో వేస్తుంది. రెండోది, ఇంకా ప్రమాదమైనది: రక్తంలోనే ఉన్నవాళ్లకు శిక్షణ ఎందుకు, బూట్లు ఎందుకు, గుడ్డు ఎందుకు అనే ఆలోచనకు దారి తీస్తుంది. అడవి బిడ్డ పరుగెత్తితే సహజం, లెక్క చేస్తే ఆశ్చర్యం. ఈ రెండు మాటలూ ఒకే చెట్టు కాయలు.

ఇది మనకొక్కరికే ఎదురైంది కాదు. మెక్సికో ఉత్తరాన చివావా రాష్ట్రపు లోతైన లోయల్లో రారామురీ అనే ఆదివాసులున్నారు. టైరు ముక్కలతో చేసిన చెప్పులేసుకొని కొండల్లో చాలా దూరాలు పరుగెత్తగలరని ప్రపంచమంతా వాళ్ల గురించి కథలు చెప్పుకుంది. 2017లో ఆ తెగకు చెందిన లొరేనా రామిరెజ్ అనే యువతి పావడా, చెప్పులతోనే 50 కిలోమీటర్ల కొండ పందెం గెలిచింది. వాళ్లవి పుట్టుకతో వచ్చిన వింత శరీరాలని చాలామంది రాశారు. హార్వర్డ్ ఆచార్యుడు డేనియల్ లీబర్‌మన్, ఆయన సహచరులు 2020లో ప్రచురించిన అధ్యయనం దాన్ని తప్పని చెప్పింది. రోజూ కొండల్లో నడక, పొలం పని, వేట, ఊళ్ల మధ్య చెక్క బంతిని కాలితో తన్నుకుంటూ సాగే పందేలు, రాత్రంతా సాగే నాట్యాలు, వీటన్నిటితో వచ్చిన శక్తి అది. పైగా వాళ్లకు పరుగు ఒక ప్రార్థన కూడా. మనకు ఇది కొత్త కాదు. నాగోబా జాతర ముందు మెస్రం వంశీయులు కేస్లాపూర్ నుంచి గోదావరి హస్తినమడుగు దాకా చెప్పుల్లేని కాళ్లతో నడిచి గంగాజలం తెస్తారు. సలేశ్వరం లింగమయ్య కోసం నల్లమలలో రాళ్ల దారిన లోయలోకి దిగి మళ్లీ ఎక్కుతారు. అక్కడ ఎవరు ముందు చేరారని ఎవరూ అడగరు. అయినా ఆ నడకలో ఉన్నది సాధనే.

మన పూర్ణ సంగతే తీసుకోండి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు లంబాడీ అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం ఎక్కినప్పుడు ఆమెకు 13 ఏళ్ల 11 నెలలు. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఆమె వెళ్లింది రక్తంలో ఉన్న ధైర్యంతో మాత్రమే కాదు. భువనగిరి గుట్ట మీద తాళ్లతో ఎక్కడం నేర్చింది, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో చలి కొండల మీద శిక్షణ తీసుకుంది. ఒక వ్యవస్థ ఆమె వెనక నిలబడింది. మన పిల్లలకు పూర్ణ కథ చెప్పేటప్పుడు శిఖరం మీద ఫొటోతో పాటు ఆ శిక్షణ నెలల గురించి కూడా చెప్పాలి. లేకపోతే ఆమె వాళ్లకు దేవత అవుతుంది గానీ దారి కాదు.

శిక్షణ ఎందుకు కావాలో మాకు ట్రాక్ నేర్పింది. 2022 నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్ అభ్యర్థులైన మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. 400 మీటర్ల ట్రాక్ మీద మగవాళ్లకు చుట్టుకు సుమారు 1 నిమిషం 48 సెకన్లు, ఆడవాళ్లకు 2 నిమిషాల 40 సెకన్లు. కొండదారి మనిషికి ఈ లెక్క అలవాటు ఉండదు. దారిలో వేగాన్ని ఎక్కుడు, దిగుడు, రాయి, నీడ నిర్ణయిస్తాయి. ట్రాక్ మీద అవేవీ ఉండవు, నిర్ణయించుకోవలసింది మనమే. అందుకే కొండల నుంచి కొత్తగా వచ్చినవాళ్లు మొదటి చుట్టు గాలిలా పోయి మూడో చుట్టులో బరువెక్కడం చాలాసార్లు చూస్తాం. మందు సులువు. మొదటి చుట్టు 1:46, రెండోది 1:47 అని గడియారం చూసి పరుగెత్తడం నాలుగు వారాలు చేస్తే శరీరానికి అంకె అర్థమవుతుంది. బీట్ ఆఫీసర్ పరీక్ష వేరే రకం. వెనకటి నోటిఫికేషన్లలో మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవాలి. మగవాళ్లకు కిలోమీటరుకు 9 నిమిషాల 36 సెకన్లు. పరుగు కాదు, అట్లని మామూలు నడకా కాదు. బుధవారం పందేనికి సనత్‌నగర్ నుంచి కొండ దాకా పోయిరావడం మాకు ఈ నడకకు సాధన.

ఆరోగ్యం గురించి ఒక ముఖ్యమైన మాట. ఇది పరుగెత్తే ప్రతి గిరిజన యువకుడు, యువతి, ప్రతి పీఈటీ మాస్టారు తెలుసుకోవాలి. మన తెగల్లో సికిల్ సెల్ సమస్య మిగతావాళ్లలో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ జన్యువు వస్తే జబ్బు. ఒక్కరి నుంచే వస్తే మనిషి వాహకుడు మాత్రమే, సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు, పరుగెత్తవచ్చు కూడా. కానీ ఎండలో, నీళ్లు తాగకుండా, శక్తికి మించి ఒక్కసారిగా పరుగెత్తితే వాహకులకు కూడా కండరాలు దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు సలహా లేకుండా పందేలకు దిగకూడదు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం దాని లక్ష్యం. ప్రభుత్వ ఆస్పత్రిలో ఒక్క రక్తపు చుక్కతో మొదలయ్యే పరీక్ష. మా పదిహేను మందిమీ చేయించుకున్నాం. ఇద్దరు వాహకులని తేలింది. వాళ్లు పందెం మానలేదు. నీళ్ల సీసా తప్పదు, ఎండెక్కాక పరుగు లేదు, ఒళ్లు అలసటగా ఉన్న వారం పందెం లేదు, కండరం పట్టేసినా ఊపిరి అందకపోయినా అక్కడికక్కడే ఆగిపోవడం. “రక్తంలో ఉంది” అనేవాళ్లకు మేం చెప్పగలిగిన జవాబు ఇదే. రక్తంలో ఏముందో పరీక్ష చేసి చూసుకున్నాం, పరుగు మాత్రం సాధన చేసి తెచ్చుకున్నాం.

చెల్లెళ్ల విషయం వేరుగా చెప్పాలి. గుండాల చెల్లె మాట ఇది: “ఊళ్లె పొద్దున్నే ఆడపిల్ల ఉరికితే, ఎవరు తరుముతున్రు బిడ్డా అని అడుగుతరు. ఈడ ఉరికితే ఫోన్ల వీడియో తీస్తరు.” కట్టెల కోసం ఎంత దూరమైనా పోవచ్చు, తన కోసం ఒక చుట్టు పరుగెత్తితే ప్రశ్న. అందుకే చీకటి ఉండగా ఎవరూ ఒంటరిగా బయల్దేరరు. ఎస్సార్ నగర్ హాస్టల్ ముందు అందరం కలిసి అక్కడి నుంచి పోతాం. ఆర్నెల్ల కింద 800 మీటర్లకు ఆరు నిమిషాలు దాటిన చెల్లె ఇప్పుడు 4 నిమిషాల 50 సెకన్లలో వస్తోంది.

ఈ పుస్తకం చదివే ఉపాధ్యాయులకు మా మనవి. ఆశ్రమ పాఠశాలకు సింథటిక్ ట్రాక్ వచ్చేదాకా ఆగవద్దు. టేపుతో కొలిచి సున్నంతో 200 మీటర్ల చుట్టు గీయండి. వారానికి ఒక రోజు, పాఠాలకు ముందు, ఊరి చుట్టూ ఉన్న గుట్ట బాటలో పిల్లలను పరుగెత్తించండి. ఒక నోటుబుక్ పెట్టి ప్రతి పిల్ల సమయం రాయించండి, వాళ్ల చేతనే తేడాలు లెక్క కట్టించండి. నిమిషాలు, సెకన్లు, సగటు, శాతం అన్నీ అక్కడే వస్తాయి. ఆ బాటలోని ప్రతి మలుపుకు, ఊటకు, బండకు మన భాషలో పేరుంటుంది. తాతలను అడిగి ఆ పేర్లు రాయించండి. పిల్లలకు పరుగుతో పాటు పటం గీయడం వస్తుంది, ఆ పేర్లు బతుకుతాయి. అన్నిటికంటే ముందు సికిల్ సెల్ కార్డులు చూడండి.

చివరగా, మాలో మేం ఇంకా తేల్చుకోని మాట ఒకటి ఉంది. బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి చదువుతున్నానని ఉట్నూరు తమ్ముడు ఇంట్లో చెబితే వాళ్ల తాత అడిగాడట: “రేపు పోడు దున్నుతుంటే నాగలి గుంజుకోను వచ్చేది నువ్వేనా?” తమ్ముడి దగ్గర జవాబు లేదు. పట్టా రాని భూమిలో దున్నే మనిషికి యూనిఫాం అంటే ఏమిటో మనకు తెలుసు. ఆ యూనిఫాం కోసమే మేం పరుగెత్తుతున్నాం. ఉద్యోగం వద్దనుకునే స్థితిలో ఎవరం లేం. ఇల్లందు అన్న వాదన ఒకటి: “2006 అటవీ హక్కుల చట్టం చదివినోడు ఆ డ్రెస్ల ఉంటే కనీసం గ్రామసభ తీర్మానం అడుగుతడు. చదవనోడు ఉంటే నాగలే అడుగుతడు.” తమ్ముడు సగం ఒప్పుకున్నాడు. ఇంకో సగం ఎప్పటికీ ఒప్పుకోకపోవచ్చు. ఆ ప్రశ్నను మోస్తూనే అతను చదువుతున్నాడు. అటవీ హక్కుల చట్టం మా పరీక్ష సిలబస్ కోసమని కాకుండా, తాతకు చదివి వినిపించడానికని తెలుగులో కొని పెట్టుకున్నాడు.

మాతో పాటు ఉండి చదువుకున్న అన్న ఒకాయన ఇప్పుడు బీట్ ఆఫీసర్‌గా అడవిలోనే ఉన్నాడు. బుధవారం మధ్యాహ్నం ఫోన్ చేసి మొదట అడిగేది, ఎవరు ఎంతలో వచ్చారని. రెండోది, తమ్ముని తాత ఏమన్నాడని. మొదటిదానికి నోటుబుక్ చూసి చెబుతాం. రెండోదానికి ఆయన తన అనుభవం చెబుతాడు, మేం వింటాం. ఆయన సమయం ఇంకా మా నోటుబుక్‌లోనే ఉంది: 26 నిమిషాల 10 సెకన్లు. సెలవు మీద వచ్చి ఏ బుధవారం పరుగెత్తినా, చురుకైనవాడి కంటే 2 నిమిషాల 10 సెకన్ల ముందు బయల్దేరవచ్చు.